ఈఎఫ్, వీవీఎస్ సరే, కట్ సంగతేంటి? వజ్రం కొనే ముందు పోల్చి చూసుకోవాల్సినవి

చెల్లెలి నిశ్చితార్థం ఉంగరం కోసం అమ్మా, చెల్లీ, నేనూ షాపుకి వెళ్లాం. సేల్స్ అబ్బాయి నల్ల వెల్వెట్ ట్రేలో మూడు రాళ్లు పెట్టాడు. మూడూ గుండ్రటివే, మూడూ 50 సెంట్లే (అంటే అర క్యారెట్), ధరల్లో కూడా పెద్ద తేడా లేదు. అమ్మ అడిగిన మొదటి మాట, "ఈఎఫ్ వీవీఎస్సేనా బాబూ?" అని. ఈ, ఎఫ్ అనేవి రంగు గ్రేడ్లు. డీ అన్నిటికంటే తెల్లది, అక్షరం దిగేకొద్దీ పసుపు ఛాయ పెరుగుతుంది. వీవీఎస్, దాని కింద వీఎస్ అనేవి లోపలి మచ్చల్ని బట్టి ఇచ్చే క్లారిటీ గ్రేడ్లు. అతను వెంటనే మొదటి రాయిని ముందుకి జరిపి, "ఇది ఎఫ్ కలర్, వీవీఎస్ అమ్మా. మిగతా రెండూ వీఎస్ మాత్రమే" అన్నాడు. అమ్మ మనసులో బేరం అప్పుడే కుదిరిపోయింది.

సర్టిఫికెట్లు ఇమ్మని అడిగి మూడూ పక్కపక్కన పెట్టి చూశాను. మొదటి రాయి ఎఫ్, వీవీఎస్2. కట్ అన్న చోట మాత్రం "గుడ్" అని ఉంది. రెండోది ఎఫ్, వీఎస్1, కట్ ఎక్సలెంట్. మూడోది జీ, వీఎస్1, ఇదీ ఎక్సలెంటే. మన వైపు చాలామంది మొదటిదే కొంటారు. "గుడ్ అంటే మంచిదేగా" అనుకుంటాం. వజ్రాలకి గ్రేడ్లిచ్చే జీఐఏ ల్యాబ్ వాళ్ల కట్ గ్రేడ్లు ఐదు: ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. అంటే గుడ్ అనేది ఐదింట్లో మూడోది. గుండ్రటి రాయిలో నేనైతే అంత కిందికి దిగను.

ముందు ఒక చిన్న గందరగోళం తీర్చేస్తాను. షాపులో "రౌండ్ కట్, ప్రిన్సెస్ కట్, ఓవల్ కట్" అంటుంటారు. అది ఆకారం పేరు. సర్టిఫికెట్లో కట్ గ్రేడ్ అంటే ఆ ఆకారాన్ని ఎంత బాగా చెక్కారు, కోణాలు ఎలా కుదిరాయి, లోపలికి వెళ్లిన వెలుగు తిరిగి కంటికి వస్తోందా లేదా అన్నది. అలాగే "బెల్జియం కట్" అనే మాట మన షాపుల్లో తెగ వినిపిస్తుంది. అలాంటి గ్రేడు ఏ ల్యాబూ ఇవ్వదు. ప్రపంచంలో అమ్ముడయ్యే వజ్రాల్లో ఎక్కువ భాగం సానపట్టేది మన సూరత్‌లోనే. "బ్లూ జాగర్" అన్నా కట్‌కి సంబంధం లేదు. అది దక్షిణాఫ్రికాలోని జాగర్స్‌ఫాంటీన్ గని పేరు మీద వచ్చిన మాట, నీలి ఛాయ ఉన్న తెల్లరాయి అని దాని అర్థం. ఈ రెండు మాటలు చెప్పి రేటు పెంచితే, "సరేనండీ, టేబుల్ ఎంత శాతం, డెప్త్ ఎంత?" అని అడగండి. ఇవేంటో ఇప్పుడే చెప్తాను.

వెలుగు లోపల ఏం చేస్తుంది?

గుండ్రటి వజ్రానికి 57 పట్టెలు (చదునుగా చెక్కిన ముఖాలు) ఉంటాయి, అడుగున మొనని కూడా చదును చేస్తే 58. పైన చదునుగా ఉన్న పెద్ద పట్టె టేబుల్. దాని చుట్టూ వాలుగా ఉన్న పై భాగం క్రౌన్. నడుం దగ్గర సన్నటి పట్టీ గర్డిల్. దాని కింద గరాటులా మొనదేలేది పెవిలియన్. టేబుల్ నుంచి అడుగు మొన దాకా ఉన్న ఎత్తు డెప్త్. టేబుల్, డెప్త్ రెండూ రాయి అడ్డుకొలతలో ఎంత శాతమో చెప్తారు. పైనుంచి వచ్చిన వెలుగు పెవిలియన్ గోడని తాకుతుంది. గోడకి లంబంగా గీసుకున్న గీతతో 24.4 డిగ్రీలకి మించిన కోణంలో తాకితే బయటికి పోలేక అద్దంలోంచి తిరిగినట్టు తిరుగుతుంది, ఎదుటి గోడని తాకి మళ్లీ పైకి వస్తుంది. అంతకంటే తక్కువ కోణంలో తాకితే గోడ దాటి కిందికి కారిపోతుంది. గరాటు మరీ లోతైనా కారిపోతుంది, మరీ చదునైనా కారిపోతుంది. చిల్లు పడ్డ బిందెలో నీళ్లు పోసినట్టే. రంగు డీ అయినా, లోపల మచ్చ ఒక్కటీ లేకపోయినా, వెలుగు వెనక్కి రాకపోతే అది గాజు ముక్కలానే కనిపిస్తుంది.

దీనికి మన గోల్కొండ సీమదని చెప్పుకునే కోహినూరే పెద్ద సాక్ష్యం. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌లో దాన్ని చూడటానికి జనం ఎగబడ్డారు. చూసి పెదవి విరిచారు. అంత పెద్ద రాయిలో మెరుపు లేదు. మొఘలుల కాలపు పద్ధతిలో బరువు పోకుండా చెక్కిన రాయి అది. మరుసటి ఏడాది దాన్ని మళ్లీ సానపట్టించారు. ఇప్పటి లెక్కలో సుమారు 191 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకి తగ్గిపోయింది. మెరుపు కోసం అంత బరువు వదులుకున్నారు.

సానపట్టేవాడికి ఈ రోజుకీ అదే తంటా. ముడిరాయిలోంచి ఎంత బరువు మిగిలితే అంత డబ్బు. పైగా ధర 50 సెంట్ల దగ్గర, 1 క్యారెట్ దగ్గర ఒక్కసారిగా మెట్టెక్కుతుంది. కోణాలు కుదరాలంటే 46 సెంట్లే మిగిలేలా ఉన్న రాయిని, గరాటు కాస్త లోతు పెట్టి, గర్డిల్ కాస్త మందం ఉంచి 50కి చేరిస్తే అతనికి లాభం. ఆ అదనపు బరువంతా ఉంగరం లోపల, కంటికి కనపడని చోట ఉంటుంది. మన ట్రేలో మొదటి రాయి అచ్చం ఇలాంటిదే. డెప్త్ 64.9 శాతం, గర్డిల్ మందం. 50 సెంట్ల బరువున్నా పైనుంచి చూస్తే అడ్డుకొలత 4.95 మిల్లీమీటర్లే. మూడో రాయి అదే బరువుకి 5.10 ఉంది. అంటే మొదటిది 50 సెంట్ల డబ్బు తీసుకుని, బాగా కట్ చేసిన 46 సెంట్ల రాయి అంత కనిపిస్తుంది. కొలత చిన్నదైందనుకుని సరిపెట్టుకోవచ్చు, మెరుపు కూడా తగ్గింది కదా.

అందుకే సెంట్లతో పాటు మిల్లీమీటర్లు అడగడం అలవాటు చేసుకోండి. బాగా కట్ చేసిన గుండ్రటి రాయి 30 సెంట్లయితే 4.3, 50 సెంట్లయితే 5.1, 1 క్యారెట్ అయితే 6.4 మిల్లీమీటర్ల చుట్టూ ఉండాలి. ఇంతకంటే బాగా తక్కువ ఉంటే బరువు అడుగున దాచారని అర్థం. బాగా ఎక్కువ ఉంటే రాయి పలచగా ఉందన్నమాట. అదీ మంచిది కాదు, పెద్దగా కనిపిస్తుంది గానీ మధ్యలో కళ ఉండదు. సరిగ్గా 0.50, సరిగ్గా 1.00 అని ఉన్న రాళ్లని కాస్త అనుమానంగానే చూస్తాను నేను. 0.47, 0.94 లాంటివి దొరికితే ముందు వాటినే తీయమంటాను. కొలతలో తేడా తెలియదు, ధరలో తెలుస్తుంది.

రెండు ఎక్సలెంట్లు ఒకటి కాదు

మొదటి రాయిని పక్కన పెట్టడం తేలికే. అసలు చిక్కు రెండో దానికీ మూడో దానికీ మధ్య వచ్చింది. రెండూ ఎక్సలెంటే, ఒకటి ఎఫ్, ఇంకోటి జీ. మామూలుగా ఆలోచిస్తే రంగులో మెరుగైన ఎఫ్ తీసుకోవాలి.

జీఐఏ 2006 నుంచి గుండ్రటి రాళ్ల సర్టిఫికెట్ మీద కట్ గ్రేడ్ ఇస్తోంది. ఆ ఎక్సలెంట్ అనే గది చాలా విశాలం. టేబుల్ 52 నుంచి 62 శాతం దాకా, డెప్త్ 57.5 నుంచి 63 దాకా, పెవిలియన్ కోణం 40.6 నుంచి 41.8 దాకా అందులో పడతాయి. ఆ గదిలో నడిమధ్య కూర్చున్న రాయికీ, గుమ్మం పట్టుకుని వేలాడుతున్న రాయికీ సర్టిఫికెట్ మీద మాట ఒకటే. షాపువాడు "ట్రిపుల్ ఎక్సలెంట్ సార్" అంటాడు. అది అబద్ధం కాదు, కానీ సగమే నిజం. ట్రిపుల్ అంటే కట్, పాలిష్, సిమెట్రీ మూడూ. ఈ మూడింట్లో కట్ అనేదే బరువైన మాట. పాలిష్, సిమెట్రీల్లో ఎక్సలెంట్‌కీ వెరీ గుడ్‌కీ తేడా మామూలు కంటికి దొరకదు.

రెండో రాయి అంకెలు: టేబుల్ 58, డెప్త్ 62.6, క్రౌన్ 35.5 డిగ్రీలు, పెవిలియన్ 41.2. మూడోది: టేబుల్ 57, డెప్త్ 61.5, క్రౌన్ 34.5, పెవిలియన్ 40.8. చూడటానికి ఇంతే తేడా. కానీ రెండో దాంట్లో క్రౌన్ నిటారుగా ఉంది, దాని మీద పెవిలియన్ కూడా లోతుగా ఉంది. రెండూ ఒకే వైపు ఎక్కువైతే టేబుల్ అంచుల కింద వెలుగు కారిపోతుంది. ఒకటి కాస్త ఎక్కువైతే రెండోది కాస్త తగ్గి సర్దుకోవాలి. క్రౌన్ 35 ఉంటే పెవిలియన్ 40.6 బాగుంటుంది, క్రౌన్ 34 ఉంటే 41 అయినా పర్వాలేదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కోపిష్టివాళ్లయితే కాపురం నడవదన్నట్టు.

మార్సెల్ టోల్కోవ్‌స్కీ అనే ఆయన 1919లోనే లెక్క కట్టి టేబుల్ 53 శాతం, క్రౌన్ 34.5 డిగ్రీలు, పెవిలియన్ 40.75 డిగ్రీలు అని చెప్పాడు. ఇప్పటి రాళ్లలో టేబుల్ అంతకంటే కాస్త పెద్దగా ఉంటుంది గానీ కోణాలు మాత్రం వందేళ్ల తర్వాత కూడా దాదాపు అవే. నేను ఫోన్‌లో రాసుకుని తిరిగే అంకెలివి: టేబుల్ 54 నుంచి 58, డెప్త్ 60 నుంచి 62.4, క్రౌన్ 34 నుంచి 35, పెవిలియన్ 40.6 నుంచి 41. గర్డిల్ మరీ పలచన అని గానీ, మందం అని గానీ ఉండకూడదు. మరీ పలచనైతే పొదిగేటప్పుడు అంచు చిట్లే ప్రమాదం ఉంది. ఈ గీతల బయట ఉన్నవన్నీ చెత్త రాళ్లని కాదు. మనలాంటి మామూలు కొనుగోలుదారుకి ఈ లోపల వెతుక్కుంటే దెబ్బ తినే అవకాశం తక్కువ, అంతే.

నగల మీద ఇచ్చే చిన్న కార్డు సర్టిఫికెట్లలో చాలాసార్లు ఈ కోణాలే ఉండవు. రంగు, క్లారిటీ, మొత్తం బరువు రాసి వదిలేస్తారు. 30 సెంట్లు దాటిన ఒంటిరాయికి అలాంటి కార్డు చాలదు. విడిరాయికి జీఐఏదో ఐజీఐదో బొమ్మతో సహా కొలతలున్న రిపోర్టు అడగండి. ఆ నంబరుని ల్యాబ్ వెబ్‌సైట్లో మీరే కొట్టి చూసుకోండి. రాయి గర్డిల్ మీద అదే నంబరు లేజర్‌తో చెక్కి ఉంటే లూప్‌లో (చిన్న భూతద్దంలో) చూపించమనండి. ఇది పొదగకముందే చేయాల్సిన పని.

లైట్ల కింద అన్నీ రత్నాలే

ఇక అంకెలు పక్కన పెట్టి కళ్లతో చూద్దాం. షాపు సీలింగ్‌లో అన్ని స్పాట్‌లైట్లు ఎందుకు పెడతారంటే, వాటి కింద మూడు వందల రూపాయల ఏడీ (అమెరికన్ డైమండ్ అనే నకిలీ) రాయి కూడా మిలమిలలాడుతుంది. అక్కడ కట్ తేడా తెలియదు. ఉంగరం పెట్టుకుని మనం తిరిగేది ఆఫీసు ట్యూబ్‌లైట్ కింద, ఇంట్లో కిటికీ పక్కన.

నేను చేసింది ఇది. మూడు రాళ్లనీ శుభ్రంగా తుడిపించి, ట్రే తీసుకుని తలుపు దగ్గరికి, ఎండ నేరుగా పడని చోటికి వెళ్దామన్నాను. సెక్యూరిటీ ఒప్పుకోకపోతే కౌంటర్ మీదే ట్రేకి అరచేతుల్తో గొడుగు పట్టండి, అదీ పనికొస్తుంది. కంటికి జానెడున్నర దూరంలో పెట్టి, మెల్లగా అటూ ఇటూ ఊపాను. మొదటి రాయి నీడలోకి రాగానే నడిమధ్య నల్లటి బొట్టు పెట్టినట్టయింది. ఊపినా ఆ నలుపు కదల్లేదు. పెవిలియన్ మరీ లోతైతే వచ్చే రోగం ఇదే, మేకు తల అంటారు దీన్ని. రెండో రాయి ముందు నుంచి బాగానే ఉంది గానీ టేబుల్ చుట్టూ ఒక మసక వలయం, కొంచెం నిద్రమొహంలా. మూడో రాయి అంచు నుంచి అంచు దాకా వెలిగింది, కదిలించినప్పుడల్లా ఎరుపూ నీలమూ చిమ్మింది. జీ కలర్ అని నేను చెప్పకపోతే చెల్లికి తెలిసేది కాదు. "ఇదేనా తెల్లగా ఉన్నది?" అని అడిగింది మూడో దాన్ని చూపించి.

ఇక్కడ ఒక జాగ్రత్త. బాగా కట్ చేసిన రాయిలో కూడా నల్లటి బాణాల్లాంటివి ఎనిమిది కనిపిస్తాయి. అది మన తల నీడ. ఊపితే అవి తెల్లబడి, తెల్లగా ఉన్నవి నల్లబడతాయి. ఆ ఆటే తళుకు. కదలని నలుపుతోనే పేచీ. మరీ చదునుగా ఉన్న రాయిలో ఇంకో రోగం ఉంటుంది, చేపకన్ను. రాయిని కాస్త వంచితే టేబుల్ లోపల తెల్లటి ఉంగరం కనిపిస్తుంది. అది గర్డిల్ ప్రతిబింబం. ఇంకో తేలిక పద్ధతి, విడిరాయిని గులాబీ రంగు కాగితం మీద మొన కిందికి ఉండేలా పట్టుకుని పైనుంచి చూడటం. కాగితం రంగు మధ్యలో ఎక్కడెక్కడ తొంగి చూస్తోందో అక్కడ వెలుగు కారుతోంది.

షాపులో "హార్ట్స్ అండ్ ఆరోస్" చూపించే చిన్న గొట్టం కూడా ఉంటుంది. పైనుంచి ఎనిమిది బాణాలు, కింద నుంచి ఎనిమిది హృదయాలు. నిజంగా అన్నీ సమానంగా ఉంటే పనితనం గొప్పదే. కానీ దానికి అడిగే అదనపు డబ్బుతో అర మిల్లీమీటరు పెద్ద రాయి వస్తుందంటే నేను పెద్ద రాయికే ఓటేస్తాను.

డబ్బు తక్కువైతే ఏది తగ్గించుకోవాలి?

బడ్జెట్ పెరగదు కాబట్టి ఎక్కడో ఒక చోట తగ్గాలి. నా వరస ఇది. మొదట క్లారిటీ తగ్గిస్తాను. వీవీఎస్ అంటే పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్‌లో కూడా నిపుణుడు వెతుక్కోవాల్సిన మచ్చ. వీఎస్2లో మామూలు కంటికి ఏమీ కనపడదు, దాని కింది మెట్టు ఎస్ఐ1లో కూడా రాయిని బట్టి కనపడకపోవచ్చు. తర్వాత రంగు. బంగారంలో పొదిగేటట్టయితే హెచ్, ఐ దాకా నిశ్చింతగా దిగొచ్చు, పసుపు బంగారం పక్కన ఆ కాస్త ఛాయ కలిసిపోతుంది. ప్లాటినంలో అయితే జీ, హెచ్ దగ్గర ఆగుతాను. తర్వాత సెంట్లు. కట్ మాత్రం చివరిదాకా పట్టుకుంటాను. అమ్మ తరం వాళ్లతో ఇది ఒప్పించడం కష్టం. వీవీఎస్ అనే మాట నలుగురిలో చెప్పుకోవడానికి బాగుంటుంది మరి.

ఓవల్, పియర్, కుషన్ లాంటివి కొనేవాళ్లకి ఈ అంకెలు పనికిరావు. జీఐఏ కట్ గ్రేడ్ గుండ్రటి రాళ్లకే. జీఐఏ ఓవల్ రిపోర్టు మీద రెండు ఎక్సలెంట్లు కనిపిస్తే అవి పాలిష్, సిమెట్రీలవి. సేల్స్‌వాళ్లు వాటిని చూపించే "కట్ ఎక్సలెంట్" అంటారు, తెలిసో తెలియకో. ఓవల్‌కీ పియర్‌కీ మధ్యలో అడ్డంగా బో టై ఆకారంలో నల్లటి నీడ వస్తుంది. అది ఎంతో కొంత ఉంటుంది, ఊపినప్పుడు చెదిరిపోతే తీసుకోండి, మొండిగా అలాగే ఉంటే వదిలేయండి. ఆన్‌లైన్లో అయితే తిరుగుతున్న వీడియో లేకుండా వీటిని కొనకండి. ప్రిన్సెస్ ఆకారం బరువుని అడుగున దాచుకుంటుంది, 1 క్యారెట్ రాయి పైనుంచి 5.5 మిల్లీమీటర్లే ఉంటుంది. కొలత కోసం కొనేవాళ్లకి అది సరిపడదు.

ల్యాబ్‌లో పెంచిన వజ్రాలకీ వెలుగు సూత్రం ఒకటే. ముడిరాయి చవక కాబట్టి బరువు మిగుల్చుకోవాల్సిన అవసరం అంతగా లేదు. కాబట్టి అక్కడ నాసిరకం కట్‌తో రాజీపడటానికి కారణమే లేదు.

మన ఏడురాళ్ల దుద్దుల సంగతి వేరే. ఒక్కో రాయి నాలుగైదు సెంట్లు, దేనికీ విడిగా రిపోర్టు ఉండదు. కళ్లే దిక్కు. నీడలో పెట్టి ఏడూ ఒకే తీరున వెలుగుతున్నాయా, ఒకటి మొద్దుబారి ఉందా చూడండి. ఎడమ దుద్దుని కుడి దుద్దుతో పోల్చండి. చాలా చిన్న రాళ్లలో సింగిల్ కట్ అని తక్కువ పట్టెలతో చెక్కినవి కూడా వస్తాయి, ఫుల్ కట్ రాళ్ల మధ్య ఒకటి కలిస్తే వెంటనే తేలిపోతుంది. వెనక బంగారంతో మూసేసే సెట్టింగ్ కావాలంటే, మూయకముందు రాళ్లు విడిగా చూపించమనండి. కట్ బాగున్న రాయికి వెలుగు పైనుంచే వస్తుంది కాబట్టి వెనక మూసినా ఇబ్బంది లేదు. కానీ మూసేశాక లోపల ఏముందో ఎవరికీ తెలియదు. "రవ్వలు అందరికీ పడవు" అని ఒకట్రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని చూసే అలవాటు మనవాళ్లకి ఉంది. షాపువాళ్లు అందుకు ఒప్పుకుంటే వదులుకోకండి. పడతాయో లేదో అమ్మమ్మ చూసుకుంటుంది, కిటికీ వెలుగులో ఎలా ఉన్నాయో మీరు చూసుకోండి.

మేం మూడో రాయే తీసుకున్నాం, ఆరు కొక్కేల సెట్టింగ్‌లో. అమ్మ బిల్లు కట్టేదాకా "జీ అంటున్నావు, తర్వాత అమ్మాలంటే..." అని నసుగుతూనే ఉంది. ఇంటికొచ్చాక తన దుద్దులు తీసి నా చేతిలో పెట్టింది, ఇవి ఎందుకు మసకబారాయో చూడమని. ఎన్నో ఏళ్ల కొబ్బరినూనె రాళ్ల వెనక పేరుకుపోయి ఉంది. వెనక నూనె అంటితే వెలుగు అటు నుంచే జారిపోతుంది, ఎంత మంచి కట్ అయినా. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, పది నిమిషాలు నానబెట్టి, మెత్తటి బ్రష్షుతో వెనక నుంచి తోమాను. అద్దంలో చూసుకుని అమ్మ మురిసిపోయింది. "చూశావా, సర్టిఫికెట్టూ గట్రా ఏమీ లేకుండానే కొన్నాం" అంది. కిటికీ దగ్గర నిలబడి ఉంది అప్పుడు. ఎడమ దుద్దు నడిమి రాయిలో కదలని నల్లచుక్క ఒకటి కనిపించింది. నేనేం అనలేదు.